అతుకు దగ్గరే అసలు పరీక్ష

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



త్రీడీ ప్రింటింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా కట్టుడు పళ్లతోనే మొదలుపెడతాను. కిందటి సంక్రాంతికి జంతిక కొరికితే ముందు పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. పన్ను విరగలేదు, చిగుళ్ల రంగు పలకా పగల్లేదు. రెండూ కలిసేచోట వదిలేసింది. వర్క్‌షాపులో 32 ఏళ్లు అతుకులతో కుస్తీపట్టినవాణ్ణి. జబ్బేమిటో వెంటనే తెలిసింది.

పన్ను అరగకుండా గట్టిగా ఉండాలి. పలక దెబ్బకు పగలకుండా కాస్త వంగాలి. ఈ రెండు గుణాలూ ఒకే పదార్థంలో సరిగా కుదరవు. అందుకే రెండింటిని అతికిస్తారు.

మనం లేత్ మీద లోహాన్ని తొలిచి వస్తువు చేశాం. త్రీడీ ప్రింటింగులో పొరమీద పొర వేసి పెంచుతారు. అమెరికాలో చార్లెస్ హల్‌కు 1986లో పేటెంటు వచ్చిన యంత్రం ఒకే ద్రవాన్ని వెలుగుతో గట్టిపరిచేది. 2007లో ఇజ్రాయెల్‌కు చెందిన ఆబ్జెట్ కంపెనీ, ఒకే వస్తువులో రెండు పదార్థాలు వాడగల కానెక్స్ 500ను తెచ్చింది. ఇంకు ప్రింటరులాగే సన్నని రంధ్రాలనుంచి చుక్కలు రాలుతాయి. ఒక తలనుంచి గట్టి పదార్థం, మరో తలనుంచి మెత్తనిది. అతినీలలోహిత కాంతి తగలగానే గట్టిపడతాయి. ఒక్కో పొర తల వెంట్రుక కన్నా పలుచన. రెండు ద్రవాలూ ఒకే జాతి రసాయనాలైతే, గట్టిపడుతూనే ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి.

అన్ని పదార్థాలూ ఇలా కలవవు. ప్లాస్టిక్ తీగను కరిగించి పోసే యంత్రాల్లో గట్టి ప్లాస్టిక్‌మీద రబ్బరులాంటిది పోస్తే, చాలాసార్లు పొరగా ఊడివస్తుంది. అప్పుడు వడ్రంగి చెక్కలకు పళ్లు కోసి బిగించినట్టు, ఆకారంతోనే ముడివేయాలి. చల్లారేటప్పుడు రెండూ సమానంగా ముడుచుకోకపోతే వస్తువు వంగుతుంది. ఇస్త్రీపెట్టెలో వేడికి వంగే రెండు లోహాల పట్టీ మనకు తెలిసిందే.

2024లో త్రీడీ సిస్టమ్స్ కంపెనీవారి రెండు పదార్థాల ముద్రిత కట్టుడు పళ్లకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. పళ్లూ పలకా ఒకే ముక్కగా వస్తాయి. అయితే అనుమతి అంటే నూరేళ్ల గ్యారంటీ కాదు. కొలతల ఫైలు దాచి ఉంటే, సెట్టు పోయినా మళ్లీ ముద్రించవచ్చు. కానీ పళ్లు పోయినచోట దవడ ఎముక క్రమంగా అరుగుతుంది. పాత కొలత ఎల్లకాలం సరిపోదు.

నా పన్ను సంగతి అడుగుతారేమో! డాక్టరుగారు దాని అడుగున గరుకు చేసి, చిన్న గాడి కోసి, మళ్లీ అతికించారు. మన పాత వర్క్‌షాపు పద్ధతే. మీకూ ఊడితే ఇంట్లోని జిగురు పూయకండి, డాక్టరుకు చూపించండి. కొత్తవి కట్టించుకునేటప్పుడు ధర ఒక్కటే అడగకండి. పన్నుకూ పలకకూ అతుకు ఎలా వేస్తారో కూడా అడగండి.