చెవికి చేరే అక్షరం

(ప్రసంగ పాఠం)



పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి 2024లో శ్రీ విజయ పురం అని పేరు మారింది. ఆ పట్టణంలోని ఒక వాడ డైరీ ఫార్మ్. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో అనేకుల పూర్వులు శ్రీకాకుళం తీరం నుండి వలస వచ్చినవారు. బెంగాలీ, తమిళ, మలయాళ కుటుంబాలతో కలిసి జీవించే ఈ ప్రజలకు హిందీ వారధి వంటిది.

ఇటువంటి వాడలో ఒక ఇంటిని ఊహించండి. నాయనమ్మకు తెలుగు వచ్చు, అక్షరం రాదు. మనుమడు హిందీ, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు మాట్లాడతాడే గాని చదవలేడు. స్వగ్రామం నుండి వచ్చిన ఉత్తరం ఆ ఇద్దరి ఎదుటా మూగదే. పొరుగువారిని పిలిచి చదివించుకుంటే ఇంటి అప్పు, జబ్బు, తగవు కూడా వారికి తెలిసిపోతాయి. కాగితాన్ని స్వయంగా వినగలగడం కేవలం సౌకర్యం కాదు. అది ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం.

వ్రాతను వినిపించడం ఈ దీవులకు క్రొత్త కాదు. ఇక్కడ ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైంది. అయితే రేడియో అందరికీ ఒకే మాట వినిపిస్తుంది. ఎవరి కాగితాన్ని వారికి వినిపించే పని నేడు చేతిలోని ఫోను చేయగలదు. చెన్నై నుండి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక ఇంటర్నెట్ సౌకర్యం కూడా మెరుగుపడింది.

యంత్రం మొదట కాగితం మీది అచ్చును గుర్తించాలి. అంకెలను, పొడి అక్షరాలను మాటలుగా విప్పాలి. మాటలను ధ్వనులుగా మార్చి, తగిన విరామంతో పలకాలి. చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి. చేప, చాప అన్న మాటలలో అక్షరం ఒకటే, పలుకుబడి వేరు. హిందీలో ‘రామ’ అని వ్రాసి ‘రామ్’ అని పలుకుతారు. తెలుగులో వ్రాసినదంతా పలుకుతారు. ఒక భాష పద్ధతిని మరొక భాషకు అంటగడితే రెండూ చెడతాయి.

ఉచ్చారణ దోషాన్ని శ్రోత సరిదిద్దుకోవచ్చు. అంకె తప్పితే ఎలా? పింఛను కాగితంలోని 1,500ను యంత్రం ‘ఒకటి, ఐదు వందలు’ అని చదివిందనుకోండి. కాగితం చూడలేని వృద్ధురాలికి ఆ గొంతే ప్రమాణం. ఆమె ఏ లెక్కను నమ్మాలి?

అంధుల కోసం పుస్తకాలను అనువైన రూపంలోకి మార్చుకునే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచ దేశాలన్నిటికంటే ముందుగా ధ్రువీకరించిన దేశం మనదే. ఆ స్ఫూర్తి కార్యాలయాల వ్రాతబల్లల వరకు రావాలి. ప్రకటన వ్రాసేవారు వాక్యాలను చిన్నవిగా వ్రాయాలి. ముఖ్యమైన మొత్తాన్ని అంకెలలోనే గాక అక్షరాలలోనూ వ్రాయాలి. పంపే ముందు, ఆ భాష మాతృభాషగా గల వ్యక్తి ఒకరు దానిని కళ్లు మూసుకొని ఒక్కసారి వినాలి.

యంత్రం గొంతును ఇవ్వగలదు. ఆ గొంతు సత్యమే పలికేటట్లు చూడవలసిన బాధ్యత మాత్రం వ్రాసేవారిదే.