ఎముకల వ్యాధులు – చిత్రపరీక్షలు
(చిట్యాల వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



ఫ్లోరోసిస్ అను పేరు మన నల్లగొండ సీమకు క్రొత్తది కాదు. 1937లో నాటి చెన్నరాజధానియందును, 1945లో మన జిల్లాయందును వైద్యు లీ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. రాతిపొరలనుండి బావినీటిలో చేరిన ఫ్లోరైడు ఏండ్లతరబడి దేహమందు పేరుకొని కీళ్లను బిగించును, నడుమును వంచును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. నేడు ఇంటికి మంచినీరు వచ్చినను, లోగడ గట్టిపడిన యెముక తేలికగా మునుపటి స్థితికి రాదు. కావున వ్యాధిని గుర్తించు మార్గములను మన మెరిగి యుండవలయును.

నడుము పట్టిన ప్రతివానికిని వాతమని పేరు పెట్టి తైలములతో కాలము గడుపుట మనలో వాడుక. మరికొందరు అప్పుచేసి మొదటనే ఖరీదైన పరీక్షలకు పరుగెత్తుదురు. రెండును తగవు.

మొదటిది ఎక్స్‌రే. 1895లో రాంట్‌జెన్ పండితుడు కనుగొన్న యీ కిరణములతో ముంజేతిని, వెన్నెముకను, కటిభాగమును చిత్రింతురు. ముంజేతి రెండెముకల నడుమనుండు పలుచని పొర సున్నము పట్టి తెల్లగా కనబడుట ఫ్లోరోసిస్‌కు ముఖ్య లక్షణము. ఖర్చు స్వల్పము. అయితే తొలిదశ మార్పులును, నరములును, కండరములును ఇందు సరిగా తెలియవు.

సీటీ స్కాను అవే కిరణములతో దేహమును పొరలు పొరలుగా చూపును. వెన్నుకాలువలోని బంధనములు ఎంతవరకు ఎముకగా మారినవో దీనివలన స్పష్టమగును.

ఎమ్మారై అయస్కాంతశక్తితో పనిచేయును. వెన్నుపాము నలిగినదా లేదా యని దీనియందే చక్కగా తెలియును. దేహములో లోహపు పరికరములున్నవారు ముందుగా చెప్పవలయును.

అల్ట్రాసౌండు కండరములకును, స్నాయువులకును ఉపకరించును గాని యెముక లోపలికి చొరదు. ఎముకల సాంద్రతపరీక్షను మాత్రమే నమ్మరాదు. ఫ్లోరోసిస్‌లో ఎముక దట్టముగా కనబడియు పెళుసుగా నుండవచ్చును.

కాళ్లు బిగిసి తడబడినను, తిమ్మిరి పైకి ప్రాకినను, మూత్రము కట్టినను ఒక్కదినమైనను ఆలసింపరాదు. చాలకాలము నలిగిన వెన్నుపాము శస్త్రచికిత్స చేసినను పూర్తిగా కోలుకొనకపోవచ్చును. అట్టివానికి ఎమ్మారై వ్యర్థవ్యయము కాదు. అతని కాళ్లను నిలుపు సాధనము.

పోషకులారా! కల్యాణమండపములకిచ్చు విరాళములో కొంతభాగము బీదరోగుల పరీక్షలకును, ప్రయాణమునకును కేటాయింపుడు. నడువలేనివానిని వేళకు వైద్యశాలకు చేర్చుటకంటె సంఘమునకు వేరు కీర్తి లేదని మనవిచేయుచు విరమించుచున్నాను.