ఫెరెంత్స్ పుష్కాష్: కాందిశీకుడైన ఆటగాడి వృత్తిజీవితం

వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు ప్రాణభయంతోనో రాజకీయ కారణాలతోనో దేశం విడిచి వచ్చినప్పుడు, ఇల్లూ బంధువర్గమే కాక, జీవనోపాధికి ఆధారమైన ఒక కాగితం కూడా వెనకే ఉండిపోతుంది. ఒక దేశంలో నమోదైన ఆటగాడు మరొక దేశపు క్లబ్బులో చేరాలంటే, తమకు అభ్యంతరం లేదని స్వదేశపు ఫుట్‌బాల్ సంఘం తెలపాలన్నది ప్రపంచ సమాఖ్య అయిన ఫిఫా పాటించే నియమం. కాందిశీకుడైన వడ్రంగి తన చేతిపనిని నమ్ముకుని పొరుగు దేశంలో బతకగలడు గాని, ఆటగాడు మాత్రం ఏ ప్రభుత్వాన్ని కాదని వచ్చాడో ఆ ప్రభుత్వపు అదుపులోని సంఘం సంతకం కోసమే ఎదురుచూడవలసి వస్తుంది. హంగరీ ఆటగాడు ఫెరెంత్స్ పుష్కాష్ (1927–2006) జీవితాన్ని ఈ సభ ముందు ఈ కోణం నుంచే పరిశీలించవలసి ఉంది.

బుడాపెస్ట్ శివారు కిష్పెష్ట్‌లో పెరిగిన పుష్కాష్ ఆడుతున్న స్థానిక క్లబ్బును 1949లో సైన్యం స్వాధీనం చేసుకుని హోన్వేద్ అని పేరు మార్చింది. ఆటగాళ్లకు సైనిక హోదాలు లభించాయి. రోజంతా ఆటే పనైనా, కాగితం మీద వారు సైనికోద్యోగులు, అంటే ఆటకు జీతం పుచ్చుకోని ఔత్సాహికులు. ఆ లెక్కనే హంగరీ, ఔత్సాహికులకు మాత్రమే అవకాశమున్న 1952 ఒలింపిక్స్‌లో పాల్గొని స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది నవంబరు 25న వెంబ్లీలో ఇంగ్లండును 6–3తో ఓడించిన మ్యాచ్‌లో, ఇంగ్లండు నాయకుడు బిల్లీ రైట్ బంతి కోసం నేలమీద జారుతూ దూసుకురాగా, పుష్కాష్ ఎడమ అరికాలితో బంతిని వెనక్కు లాగి, అతడు ఖాళీ జాగాలోకి జారిపోయిన క్షణంలోనే గోలు కొట్టాడు. ఫుట్‌బాల్ చరిత్రలో ఇంతకంటే అందమైన గోల్స్ ఉండవచ్చు గాని, ఒక దేశపు ఆధిక్యభావాన్ని ఇంత తేటగా తుడిచిపెట్టినవి అరుదు.

1956 అక్టోబరు 23న బుడాపెస్ట్‌లో తిరుగుబాటు మొదలైంది. నవంబరు 4న సోవియట్ సైన్యం దాన్ని అణచడానికి నగరంలో ప్రవేశించింది. సుమారు రెండు లక్షల మంది దేశం విడిచారు. యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపియన్ కప్‌లో స్పెయిన్ క్లబ్బు బిల్బావోతో ఆడవలసిన హోన్వేద్ జట్టు అప్పటికి విదేశంలో ఉంది. స్వదేశంలో జరగవలసిన రెండో మ్యాచ్‌ను బ్రస్సెల్స్‌లో ఆడి, ఓటమితో పోటీ నుంచి నిష్క్రమించింది. తరువాత పుష్కాష్, ఆయన జట్టు సహచరులు కోచిష్, సిబోర్ స్వదేశానికి తిరిగి వెళ్లలేదు.

ఆ సంక్షోభం తెలుగు నేలతో సంబంధమున్న జట్టునూ తాకింది. ఆ నవంబరులోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు తొలి మ్యాచ్ హంగరీతో ఆడవలసి ఉండగా, హంగరీ ఫుట్‌బాల్ జట్టు తప్పుకోవడంతో భారత్ ఆడకుండానే ముందుకు వెళ్లింది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని ఆ జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాపై విజయం ఆ జట్టు సొంత కష్టార్జితం. దానికి ముందరి మెట్టు మాత్రం మరొక జాతి కష్టకాలంలో దక్కినదని కూడా చెప్పుకోవడం న్యాయం.

తిరిగి రానందుకు హంగరీ సంఘం కోరగా ఫిఫా పుష్కాష్‌పై నిషేధం విధించింది. 1957 ఆరంభం నుంచి 1958 వేసవి దాకా, తన ఆటకు పరిణతి వచ్చిన వయసులో, ఆయన పోటీలకు దూరమై ఇటలీలో కాలం గడిపాడు. ఒళ్లు పెరిగింది, క్లబ్బులు వెనకాడాయి. 31 ఏళ్ల వయసులో రియల్ మాడ్రిడ్ ఆయనను తీసుకోవడానికి, ఒకప్పుడు హోన్వేద్ వ్యవహారాలు చూసి తరువాత మాడ్రిడ్ చేరిన ఎమిల్ ఎష్ట్రైహర్ ముఖ్య కారకుడు. శరణార్థిని ఆదుకున్నది సాటి శరణార్థే. 1960 మే 18న గ్లాస్గోలో ఫ్రాంక్‌ఫర్ట్‌పై 7–3తో గెలిచిన యూరోపియన్ కప్ ఫైనల్‌లో ఆయనవి నాలుగు గోల్స్. అన్ని పోటీల్లో కలిపి ఆ క్లబ్బుకు 262 మ్యాచ్‌లలో 242 గోల్స్ చేశాడు. స్పానిష్ లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసినవాడికిచ్చే పిచిచి బహుమతి నాలుగుసార్లు అందుకున్నాడు. దేశం ఉండగా ఔత్సాహికుడిగా చలామణి అయిన మనిషి, దేశం పోయాక గాని బహిరంగంగా వృత్తి ఆటగాడు కాలేకపోయాడు.

కోచిష్, సిబోర్‌లకు బార్సిలోనా చోటిచ్చింది. 1961లో యూరోపియన్ కప్ ఫైనల్ బెర్న్‌లోని వాంక్‌డోర్ఫ్ మైదానంలో జరిగింది. 1954 ప్రపంచకప్ ఫైనల్‌లో హంగరీ పశ్చిమ జర్మనీ చేతిలో 3–2తో ఓడినది అక్కడే. ఇద్దరూ తలా ఒక గోలు చేసినా బార్సిలోనా బెన్‌ఫికా చేతిలో అదే 3–2తో ఓడిపోయింది. కోచిష్ 1979లో బార్సిలోనాలోనే కన్నుమూశాడు. పుష్కాష్ 1981లో గాని స్వదేశంలో మళ్లీ అడుగుపెట్టలేదు. 2002లో బుడాపెస్ట్ జాతీయ మైదానానికి ఆయన పేరు పెట్టారు; ఆ గౌరవం సముచితమే అయినా, స్వదేశపు సంఘం ఆయన ఆటలోంచి కోసివేసిన ఏడాదిన్నర కాలానికి అది పరిహారం కాదు.