వేడి బండిలో మొరాయించు సెల్ఫు



నేను మెకానిక్కును కాను. సరకు వ్యానులతో నిత్యము పని గల వర్తకుడను. అయినను ఈ విషయమున మనవారు అనవసరముగా పోగొట్టుకొనుచున్న డబ్బును చూచి నాలుగు మాటలు చెప్పదలచితిని.

తిరుపతి యాత్ర ముగించి కోలారు వైపు మరలి వచ్చు కుటుంబము మొగిలి ఘాటు ఎక్కి, పలమనేరులో కాఫీకి ఆగినదనుకొనుడు. పావుగంట తరువాత తాళము త్రిప్పగా ‘టక్’ మను శబ్దమే గాని ఇంజను కదలదు. గంటసేపు ఎండలో పడిగాపులు పడిన పిమ్మట, ఏమియు ఎరుగనట్లు బండి స్టార్టగును. మరునాడు షెడ్డుకు తీసికొనిపోవునప్పటికి అది చల్లగా ఉండును, చక్కగా పనిచేయును. ఒకరు లోపమే లేదందురు, ఒకరు బ్యాటరీ మార్చుమందురు. బ్యాటరీ మార్చినను మరుసటి యాత్రలో కథ మామూలే.

ఇట్లేల జరుగును? పెక్కు బండ్లలో సెల్ఫు మోటారు, దానిపైనుండు సాలినాయిడు పొగగొట్టమునకు చేరువగా ఉండును. బండి నడచునంతసేపు గాలి తగులుచుండును. ఆపగానే గాలి నిలిచి, ఇంజను వేడి అంతయు వానిలోనికి ఎక్కును. కనుకనే ఆపిన కొంతసేపటికి బాధ హెచ్చు. రాగితీగ వేడెక్కిన కొలది కరెంటునకు అడ్డు పెరుగును. డిగ్రీకి సుమారు 0.4 శాతము. 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు పోయినచో నాలుగవ వంతుకు మించి పెరిగినట్లే. కొత్త సెల్ఫు దీనిని ఓర్చుకొనును. బ్రష్షులు అరిగి, బుష్షులు బిగిసి, ఎర్తు తీగ చిలుమెక్కిన బండి ఓర్చుకొనజాలదు.

సెల్ఫు తిరుగుచునే ఇంజను అందుకొనకున్నచో అది పెట్రోలుకో ఇగ్నిషనుకో చెందిన వేరు వ్యవహారము. నేడు దాని జోలికి పోను.

కావున పరీక్ష వేడిమీదనే జరుగవలెను. షెడ్డువాడు చల్లని బండిని చూచి చెప్పిన తీర్పును నమ్మకుడు. అరగంట నడిపించి, కాసేపు ఆపి, లోపము బయటపడినప్పుడే చూడుమనుడు. మీటరు లేనివారు హెడ్‌లైట్లు వేసి తాళము త్రిప్పవచ్చును. వెలుగు బాగుగ మందగించినచో బ్యాటరీనో, దాని క్లాంపులనో, బిగిసిన మోటారునో అనుమానింపవలెను. వెలుగు తగ్గనేలేదా, మోటారునకు కరెంటే పోవుటలేదు.

మీటరున్నచో ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు సాలినాయిడు సన్నతీగ కొన వద్ద వోల్టులు చూడవలెను. న్యూట్రలులో ఉంచి, హ్యాండుబ్రేకు వేసిన పిమ్మటనే సుమా! అచ్చట 10 వోల్టులకు పైగా వచ్చుచుండియు పనిచేయనిచో, ముందు ఇంజను ఎర్తును చూచి, అది బాగున్నచో సెల్ఫునే విప్పింపుడు. అంతకంటె బాగుగ తక్కువైనచో స్విచ్చి, రిలే, క్లచ్చి స్విచ్చి, వాని తీగలు వరుసగా చూడవలెను. సెల్ఫునకు ఒక్క పైసా పెట్టనక్కరలేదు. ఇంజనునకును బాడీకిని నడుమ నుండు ఎర్తు పట్టీని విప్పి, గరుకు కాగితముతో రుద్ది బిగించుటతోనే నయమైన బండ్లు కొన్ని కలవు. ఖర్చు లేని ఆ పనియే మొదట చేయింపుడు. పిదప అవసరమైనచో బ్రష్షులు, బుష్షులు మార్పించి, పొగగొట్టమునకు ఎదురుగా రేకు అడ్డు పెట్టించుట మంచిది.

కుర్రవాండ్రు కొందరు స్క్రూడ్రైవరుతో సాలినాయిడును కలిపి స్టార్టు చేయుచున్నారు. గేరులో ఉన్నచో బండి ఎదుటివాని మీదికే ఉరుకును. నిప్పురవ్వలు కూడ లేచును. ఆ పనిని మన ఇండ్లలో ఎవ్వరును చేయకుండ చూడుడు. తోసి స్టార్టు చేయుటయు క్లచ్చి గల బండ్లకే చెల్లును, ఆటోమేటికు గేరుబండ్లకు కాదు. అట్టి బండిలో ముసలివారిని దింపి తోయించి అలసట పెట్టకుడు. నీడనున్న చోట ఆపి, బానెట్టు ఎత్తి, అరగంట చల్లారనిండు.