అట్టు అంటని పెనం

ఆశ్వయుజ బహుళ తదియ నాడు మన ఇళ్ళలో అట్లతద్ది నోము నోచుకొంటారు. గౌరీదేవికి అట్లు నైవేద్యం పెట్టి, ముత్తయిదువులకు వాయనమిస్తారు. ఆనాడు అట్లు లెక్క ప్రకారం పోయవలెను. కావున ఇల్లాలి దృష్టి పిండి మీద కంటె పెనం మీదనే ఎక్కువగా ఉంటుంది. పిండి గట్టిగా ఉంటే నీళ్ళు కలుపవచ్చును. పలుచనైతే కొంచెం బియ్యప్పిండి చేర్చవచ్చును. పెనం మొరాయిస్తే మాత్రం ఆ పూటకు చేయగలిగినది బహు తక్కువ.

ఆ ఇనుప పెనాన్ని గురించి ఈనాడు నాలుగు మాటలు మనవి చేస్తాను. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు పుస్తకాల వల్ల వచ్చినది కాదు. ఒక పొరపాటు వల్ల వచ్చినది.

నేను కళాశాలలో చదువుకొనే రోజులలో ఒకసారి మా అమ్మ నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేసరికి వంటిల్లు అద్దంలా ఉంచవలెనని నాకు బుద్ధి పుట్టింది. ఇత్తడి బిందెలు తోమాను. తరువాత పొయ్యి పక్కనున్న పెనం మీద నా కన్ను పడింది. అది నల్లగా నిగనిగలాడుతున్నది. ఆ నలుపంతా ఏళ్ళ తరబడి పేరుకొన్న మురికి అనుకొన్నాను. చింతపండు, ఇటుకపొడి తీసికొని ఒక మధ్యాహ్నమంతా తోమాను. సాయంకాలానికి ఇనుము తెల్లబడింది.

అమ్మ వచ్చి చూచి ఏమీ అనలేదు. మరునాడు ఉదయం పోసిన మొదటి అట్టు ముక్కలుగా లేచింది. రెండవది లేవనే లేదు. అప్పుడు మాత్రం, "నాయనా, ఇది మా అత్తగారు నా చేతికిచ్చేటప్పటికే నల్లగా ఉన్నది. ఆ నలుపు కోసమే ఇచ్చారు" అన్నది.

ఆ నలుపు ఏమిటో తరువాత తెలిసికొన్నాను. ఇనుము కంటికి నున్నగా కనిపించినా, దానిపై సూక్ష్మమైన గుంటలూ గీతలూ ఉంటాయి. పిండి వాటిలోకి దిగి, వేడికి గట్టిపడి, అక్కడే పట్టుకొంటుంది. పైగా పిండిలోని మాంసకృత్తులు వట్టి లోహానికి నేరుగా తగిలితే గట్టిగా అతుక్కొంటాయి. మినప్పప్పులో మాంసకృత్తులు హెచ్చు. కావున పిండికీ ఇనుముకూ నడుమ ఒక తెర కావలెను.

ఆ తెర నూనె నుండి పుడుతుంది గాని, అది నూనె కాదు. నువ్వుల నూనె, అవిసె నూనె వంటివి పలుచగా పూసి బాగా కాచినప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తాయి. వాటి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, వల వలె అల్లుకొని, గట్టి పొరగా మారుతాయి. చిత్రకారులు రంగులలో అవిసె నూనె కలిపేది ఈ గుణం కోసమే. బొమ్మ మీద ఆ నూనె ఆవిరైపోదు, గట్టిపడుతుంది. పెనం మీద అదే పని వేడి వల్ల త్వరగా జరుగుతుంది. నేతికీ, కొబ్బరినూనెకూ ఈ గుణం బహు స్వల్పం. ఇటువంటి పొరలు ఒకదానిపై ఒకటి చేరగా చేరగా వచ్చినదే ఆ నలుపు. పులుపు దానికి శత్రువు. చింతపండుతో నేను చేసినది అక్షరాలా ఆ తెరను చించివేయడమే.

చేసిన తప్పు దిద్దుకోవలెనని తొందరపడి, గరిటెడు నూనె పోసి పెనం కాచాను. దాని మీద జిగురు ముద్దలు కట్టింది. వేలు పెడితే అంటుకొన్నది. దట్టంగా పోసిన నూనెలో పైభాగం గట్టిపడినా, గాలి సోకని అడుగుభాగం బంకగానే ఉండిపోతుంది. ఎందరో చేసే పొరపాటే ఇది. అమ్మ ఆ బంకను గీకించి, పెనాన్ని వేడినీళ్ళతో కడిగించి, పొయ్యి మీద ఆరబెట్టించింది. నాలుగు చుక్కల నూనె వేసి పాతగుడ్డతో అంతటా రాయమన్నది. తరువాత పొడిగుడ్డ ఇచ్చి, "ఇప్పుడు రాసినదంతా తుడిచివెయ్యి. ఇంకేమీ మిగలలేదని నీకనిపించాలి. మిగిలినదే పనిచేస్తుంది" అన్నది.

అట్లా తుడిచిన పెనాన్ని సన్నని పొగ లేచి తగ్గేవరకు కాచి, పూర్తిగా చల్లార్చి, మళ్ళీ రాసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ కాచాము. ఆ విధంగా అయిదు పర్యాయాలు చేసేసరికి ఇనుము గోధుమరంగుకు తిరిగింది. నిజమైన నలుపు రావడానికి మాత్రం నెలలు పట్టింది.

కొత్త పెనం కొన్నవారికి కూడా క్రమం ఇదే. తుప్పు పట్టకుండా అమ్మకందార్లు దానికి ఏదో ఒక నూనె పూసి ఉంచుతారు. దానిని సబ్బుతో, వేడినీళ్ళతో వదలగొట్టవలెను. బియ్యం కడిగిన నీళ్ళలోనో, గంజిలోనో రెండు మూడు రోజులు నానవేసి తోమడం కొన్ని ఇళ్ళలో ఆచారం. తరువాత తడి ఏమాత్రం లేకుండా కాచి, పైన చెప్పినట్లు చేయవలెను. పొగ పోవడానికి కిటికీలు తెరచి ఉంచండి. ఆ పిమ్మట ఉల్లిపాయ ముక్కలు నూనెలో వేయించి పారవేసి, అప్పుడు అట్టు పోయండి.

ఇక వేడి సంగతి. పెనం చల్లగా ఉంటే పిండి గుంటలలోకి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. మరీ కాగితే, పోసిన పిండి పరచడానికి లొంగక గరిటెకు చుట్టుకొంటుంది. నాలుగు నీటిచుక్కలు చిలకరించి చూడండి. అవి నింపాదిగా బుడగలు కడితే వేడి చాలదు. సుయ్యిమని వెంటనే ఇగిరిపోతే సరిపోయింది. ముత్యాల వలె గుండ్రంగా పరుగులు తీస్తే వేడి హెచ్చినది. అప్పుడు చుక్క అడుగున ఏర్పడిన ఆవిరి దానిని ఎత్తి పట్టుకొంటుంది. ఈ వింతను జర్మను వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో వర్ణించాడు. మన ఇల్లాండ్రు శాస్త్రం చదువకుండానే, నీళ్ళు చిలకరించి తుడిచి ఆ వేడిని దించుతారు. అట్టుకూ అట్టుకూ నడుమ సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రాయడం కూడా నూనెను పలుచగా పరచడానికే.

ఇంత శ్రమ ఎందుకు, అంటని పెనాలు బజారులో దొరుకుతున్నవి గదా అని మీరు అడుగవచ్చును. అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు రాయ్ ప్లంకెట్ 1938లో, వాయువు నింపిన ఒక సిలిండరులో తెల్లని పొడి తయారై ఉండడం గమనించాడు. అదే టెఫ్లాన్. 1954లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు మార్క్ గ్రెగ్వార్ దానిని అల్యూమినియం పెనానికి అతికించే ఉపాయం కనిపెట్టాడు. నూనె తక్కువగా వాడవలసినవారికి అది మంచి సాధనమే. అయితే దానిని వట్టిగా పొయ్యి మీద వదలరాదు. సుమారు 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడడం మొదలుపెడుతుంది. ఇనుప అట్లకాడ తగిలితే గీతలు పడతాయి. ఆ పూత కొన్ననాడే పూర్ణంగా ఉంటుంది, అటుపైన అరుగుతుంది. ఇనుప పెనం అట్లా కాదు. కొన్ననాడు దాని దగ్గర ఏమీ ఉండదు. పోసిన ప్రతి అట్టూ దానికి కొంత చేరుస్తుంది.

చేర్చినది నిలవవలెనంటే నాలుగు సంగతులు జ్ఞాపకముంచుకోండి. ఆ పెనం మీద పులుసూ, టొమాటో కూరా వండవద్దు. రాత్రంతా నీళ్ళలో నానవేయవద్దు. కడిగిన వెంటనే ఆరబెట్టి నూనెగుడ్డతో తుడవండి. చపాతీలకు వేరే పెనం ఉంచుకోండి. నూనె లేని వేడికి పొర ఎండి రాలుతుంది.

మా పెనం ఇప్పుడు నా దగ్గర ఉన్నది. అమ్మ లేదు. ఆమె ఈ పని ఎక్కడా వ్రాసిపెట్టలేదు. ఆమెకు చెప్పిన అత్తగారూ వ్రాయలేదు. ఆనాడు నేను ఆ పెనం పాడుచేసి ఉండకపోతే, బహుశా ఆమె నాకు చెప్పేదీ కాదు, నేను అడిగేవాడినీ కాదు. మీ ఇంట పెద్దవారి చేతి పెనం ఉంటే, దానిని తోమకముందే వారిని అడిగి తెలిసికోండి. కొత్తది కొన్నవారు మొదటి అట్టు చిరిగినదని దానిని అటకెక్కించకండి. పదవ అట్టు వరకు ఓపిక పట్టండి.