శస్త్రచికిత్సయందు జాగరూకత
(సికింద్రాబాదు వార్షికమహాసభయందు గావించిన యుపన్యాసము)



శస్త్రచికిత్సలో రోగులకు గలుగు పొరపాట్లను గూర్చియు, వాని నివారణమును గూర్చియు నాలుగు మాటలు విన్నవింతుము. మేము వైద్యులము కాము. ముప్పదియైదేండ్లు బాలుర తప్పులు దిద్దినవారము.

ఆ గర్వము కొంతకాలము క్రిందట ఒక యాసుపత్రిలో నణగినది. మా తమ్మునికి ఎడమకంటి శుక్లము తీయవలసియుండగా, కాగితమున కుడికన్నని వ్రాసియుండుట చూచితిమి. చూచియు, ఇంతటి డాక్టరుగారికి తెలియదా యని యూరకుంటిమి. లోనికి గొనిపోవునపుడు తమ్ముడే “డాక్టరుగారూ, ఎడమకన్ను గదండీ!” యనుటచే నాపద తప్పినది. పండితులయెదుట మౌనమే వినయమని తలచియుంటిమి. ఆనాడది పిరికితనమని తెలిసినది.

సుశ్రుతసంహిత శిష్యుని తొలుత గుమ్మడి, సొర మున్నగు కాయలపై ఛేదనము నభ్యసింపుమని విధించినది. చేయి తప్పునను భయమే యా విధికి మూలమని మా యూహ. చేయియే కాదు, బుద్ధియు తప్పవచ్చును. దానికి మన పొరుగుననే నిదర్శనము కలదు.

1848లో ఇంగ్లండున హన్నా గ్రీనరను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుచు క్లోరోఫారము వలన మరణించెను. ఆ మందు ముందు శ్వాస నాపునా, గుండె నాపునా యని వాదము చెలరేగెను. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీగారు, గుండెకు భయము లేదు, శ్వాసను గనిపెట్టిన చాలుననిరి. 1888, 1889 సంవత్సరములలో రెండు సంఘములు వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసెను. ఆఱవ నిజాము ద్రవ్యమొసగగా, రెండవసారి లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ గారును వచ్చిరి. తీర్పు లారీగారి వైపే వచ్చెను. కాని 1911లో లెవీ యను వైద్యుడు, క్లోరోఫారము తేలికగా నిచ్చినపుడు సయితము గుండె లయదప్పి హఠాత్తుగా నాగవచ్చునని నిరూపించెను. శ్వాసను గనిపెట్టుమనుట మంచిమాటయే. గుండెకు భయము లేదనుటయే ప్రమాదము. లారీగారు శ్రద్ధాళువులే. శ్రద్ధ గలవారికిని మఱియొకరి పరీక్ష యావశ్యకము.

2008లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పందొమ్మిది యంశముల పట్టిక నొకటి ప్రకటించినది. మత్తు నిచ్చుటకు ముందు, కోతకు ముందు, రోగి గది విడుచుటకు ముందు దానిని బిగ్గరగా చదువవలెను: రోగి యెవరు? ఏ యవయవము? ఏ మందు పడదు? సూదులు, గుడ్డలు లెక్కకు వచ్చినవా? ఢిల్లీతో గూడ ఎనిమిది నగరముల ఆసుపత్రులలో నిట్లు చేయగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి దిగినవని 2009లో వెల్లడియైనది. ఇందు క్రొత్త మందు లేదు. ఉపాధ్యాయుడు పిల్లలందఱి నెఱిగియు దినదినము హాజరుపట్టీ చదువుటవంటిదే యిది.

కావున సోదరులారా! రోగి పేరు, శస్త్రము చేయవలసిన చోటు, వాడుచున్న మందులు, పడని మందులు ఒక కాగితమున వ్రాసికొనిపొండు. ఆ చోట గుర్తు పెట్టుడని యడుగుడు. పట్టిక చదువుదురా యని యడుగుడు. అడుగుట యవమానించుట కాదు. పొరపాటు జరిగినచో వైద్యునిపై చేయిచేసికొనకుడు. భయముచే దాచిన తప్పు మరల జరుగును. మనలోని వైద్యసోదరులారా! మీ గదిలో కడపటి నర్సమ్మకును “ఆగుడు” అను నధికార మిండు.

దాతలకొక ప్రార్థన. ఇట్టి కాగితమును తెలుగున ముద్రించి సంఘము ఇంటింటికి పంచవలెను. మొదటి వేయి ప్రతుల వ్యయమును మా పింఛనునుండి మేము భరింతుము. మా తమ్ముని కన్ను మాకంత ఋణము మిగిల్చినది.