రెండో ప్లేయర్ ప్యాంటు ఎరుపు

రాబిగ్ నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ శుక్రవారం, డ్యూటీ లేదు. వెనకాల ఏసీ మోత వినిపిస్తే ఏమనుకోకండి, అది ఆపితే ఈ రూమ్‌లో కూర్చోలేం.

పోయిన వారం సంగతి. మా కింది బెడ్ తమ్ముడు, నిర్మల్ పిల్లగాడు, ఫోన్‌లో కాంట్రా ఆడుతున్నాడు. తుపాకులు పట్టుకుని ఇద్దరు అడవిలో ఉరికే ఆట, మీలో చాలామందికి గుర్తుండే ఉంటది. పక్కన కూర్చుని చూస్తున్నా. మొదటి మనిషికి నీలం ప్యాంటు, రెండో మనిషికి ఎర్ర ప్యాంటు. ఆ ఆట చిన్నప్పుడు ఎన్ని వందలసార్లు ఆడానో లెక్క లేదు. కానీ ఆ రంగులు చూడటం అదే మొదటిసారి. మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ మరి.

అది 1996. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాకు తొమ్మిదేళ్ళు. మా బాపు జిద్దాలో మేస్త్రీ. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. బొంబాయిలో దిగి బస్సులో వచ్చేవాడు. ఆయన వచ్చాడంటే నేను అమ్మ వెనక దాక్కునేవాణ్ణి. నిజం చెప్తున్నా, నాకు ఆయన ఫోటోలో తెలిసినంత మనిషిగా తెలియదు.

ఆ సారి సూట్‌కేసులో దుప్పటి, అత్తరు సీసాల మధ్య ఒక వీడియో గేమ్ డబ్బా ఉంది. జిద్దా బలద్ బజారులో కొన్నాడు. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అని ఒక గేమ్ తెచ్చింది కదా, ఇది దానికి నకలు. అప్పట్లో మన ఊళ్ళకు వచ్చినవి ఎక్కువ శాతం ఆ నకళ్ళే. ఇక్కడి అరబ్బులైతే ఏ కంపెనీ గేమ్ అయినా అటారీ అనే అంటారు. బాపు కూడా అదే మాట నేర్చుకుని వచ్చాడు. "అటారీ తెచ్చిన బిడ్డా" అన్నాడు.

వాడకట్టు పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. బాపే ప్లగ్గు పెట్టాడు. నిమిషం కాలేదు, కాలిన వాసన, పొగ. అడాప్టర్ పోయింది. అప్పట్లో సౌదీలో ఇళ్ళ కరెంటు 127 వోల్టులు, మన దగ్గర 230. ఇక్కడి కరెంటుకు చేసిన అడాప్టర్ అక్కడ తట్టుకోలేదు. పిల్లలు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేను ఏడ్చా. "కొనేటప్పుడు చూసుకోవద్దా" అని అమ్మ అంది. బాపు ఏమీ అనలేదు. తెల్లారి డబ్బా సంచిలో పెట్టుకుని జగిత్యాలకు సైకిల్ మీద పోయాడు. రేడియో మెకానిక్ చూసి, లోపల సెట్టు బాగానే ఉందని చెప్పి, తొమ్మిది వోల్టుల ఎలిమినేటర్ తెప్పించి పెట్టాడు. దానికి వారం పట్టింది. ఆయన సెలవులో వారం.

పగలు పిల్లలతో ఆడేవాణ్ణి. రాత్రి అందరూ పోయాక బాపు మెల్లగా వచ్చి రెండో రిమోట్ పట్టుకునేవాడు. రంగులు లేవు కదా, ఇద్దరు మనుషులూ ఒక్కతీరే కనపడేవాళ్ళు. "ఇండ్ల నాదేదిరా?" అనేవాడు. "ఎగురు బాపూ, ఎగిరింది నీది" అనేవాణ్ణి. ఎగిరేవాడు. ఈలోగా ఎటునుంచో బుల్లెట్ వచ్చేది.

మూడో స్టేజీలో జలపాతం ఉంటది. పైకి ఎక్కుతూ పోవాలి. ముందున్నవాడు ఎక్కితే స్క్రీన్ పైకి జరుగుతది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. నేను గబగబా ఎక్కేవాణ్ణి. "ఆగు బిడ్డా, నేనింక కిందనే ఉన్న" అనేవాడు బాపు. రెండో రిమోట్‌కు స్టార్ట్ బటన్ ఉండదు. ఆట ఆపాలంటే నన్నే అడగాలి. నేను ఆపేవాణ్ణి కాదు.

సెలవు అయిపోయేనాటికి ఆయన వెనక సైకిల్ మీద కూర్చుని బజారుకు పోయేంత చనువు వచ్చింది నాకు. అప్పుడు ఆయన వెళ్ళిపోయాడు.

అప్పట్లో ఆయన జీతం 600 రియాళ్ళు. ఆ డబ్బా ఖరీదు 80. అంటే నాలుగు రోజుల కూలి, ఆ ఎండలో. ఇవన్నీ నేను రాబిగ్ వచ్చి, నా జీతం నేను లెక్క పెట్టుకున్నాక అడిగి తెలుసుకున్నవి.

ఇప్పుడు నా కొడుక్కి ఎనిమిదేళ్ళు. వీడియో కాల్‌లో ఒక నిమిషం ముఖం చూపించి ఫోన్ వాళ్ళమ్మకు ఇచ్చేస్తాడు. వాడి కోసం టీవీకి పెట్టే చిన్న గేమ్ ఒకటి కొన్నా, రెండు రిమోట్లది. మొన్న ఊరికి పోయే ఒకాయనతో పంపిద్దామని ప్యాక్ కూడా చేశా. కాంట్రా చూసిన రాత్రి మళ్ళీ విప్పి నా పెట్టెలో పెట్టుకున్నా. నాలుగు నెలల్లో నేనే తీసుకుపోతా. వాడికి ఆలస్యమవుతుంది, అలుగుతాడు. అలగనీ.

మీరు ఏదైనా కరెంటు సామాను కొంటే అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన దగ్గరా పనిచేస్తుంది. అలా లేకపోతే ఇంటికి తీసుకుపోకండి.

నిన్న బాపుకు ఫోన్ చేశా. "బాపూ, నీ మనిషిది ఎర్ర ప్యాంటట" అన్నా.

"ఏ మనిషి?"

"కాంట్రాల."

కాసేపు ఆలోచించాడు. "నీళ్ళ కాడ పడేటోడా?"

"ఆ, వాడే."

నవ్వాడు. మనవడికి గేమ్ కొన్న సంగతి చెప్పా. మొదటి మాట, "వోల్టేజీ చూసినవా?"

చూశా బాపూ.

ఉంటా మరి. వచ్చే శుక్రవారం కలుద్దాం.